చంటివాడితో తిరుపతి ప్రయాణం: పెద్దలకు కొన్ని సూచనలు

ఏడాది నిండని పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతి బయల్దేరే కుటుంబాలు ఈ సూచనలు తు.చ. తప్పకుండా పాటిస్తే, ఆ ప్రయాణాన్ని జన్మలో మరిచిపోరు. మరిచిపోయేది పిల్లవాడొక్కడే.

1. ముహూర్తం

తొమ్మిదో నెలా, పదకొండో నెలా అన్నది పంతులుగారిని అడగండి. పళ్లు వస్తున్నాయా, జలుబు తగ్గిందా అన్నది ఎవర్నీ అడగక్కర్లేదు. పిల్లల డాక్టరుకు పంచాంగం చూడటం రాదు కాబట్టి ఆయన మాట లెక్కలోకి రాదు. మేనమామ సెలవు మాత్రం చూసుకోవాలి. ఆయన ఒడి లేనిదే కత్తెర పడదు. వేసవి సెలవులైతే అందరికీ కుదురుతుంది. ఊళ్లోవాళ్లందరికీ కూడా అప్పుడే కుదిరిందన్న సంగతి కొండమీద క్యూలో తెలుస్తుంది.

ఈ మొక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం లేవనెత్తకండి. కాన్పునాడు ఆస్పత్రి వరండాలో నాన్నమ్మ మొక్కేసింది. మొక్కేవారు ఒకరు, మోసేవారు ఒకరు. కుటుంబ యాత్రకు పునాది ఇదే.

2. టికెట్లు

రైల్వేవారి లెక్కలో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, బెర్తు కూడా ఇవ్వరు. బెర్తు కావాలంటే పెద్దవాళ్ల చార్జీ కట్టాలి. కట్టకండి. వాడెంత, జానెడు! ఆ జానెడు ప్రాణం అర్ధరాత్రి దాటాక అడ్డం తిరిగి బెర్తంతా తనదే అంటుంది. తల్లి అంచున ఒక్క భుజం మీద తెల్లవారుస్తుంది. తండ్రి పై బెర్తు మీద నుంచి "ఏడుస్తున్నట్టున్నాడు, చూడు" అని సహకరించాలి.

2022 మేలో లక్నో మెయిల్లో కింది బెర్తుకు చంటిపిల్లల కోసం ఓ బుల్లి బెర్తు తగిలించి చూశారు. అది మీ రైలుదాకా వచ్చేసరికి మీవాడికి మీసాలు రావచ్చు. కాబట్టి పాత నూలుచీర పట్టుకెళ్లి ఉయ్యాల కట్టండి. వాడు అందులో పడుకోడు. సంచులు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

3. సామాను

ఉగ్గుగిన్నె, ఫ్లాస్కు, గ్రైప్ వాటరు, జ్వరం మందు, నాలుగు స్వెట్టర్లు, అరడజను బొమ్మలు సర్దండి. డైపర్లు అట్టడుగున పెట్టి, వాటిమీద పదిమందికి సరిపడా పులిహోర డబ్బా, దానిమీద పట్టుచీరలు పేర్చండి. అప్పుడే ఒక్క డైపరు తీయడానికి సంచీ మొత్తం బోగీలో పరిచే అవకాశం దక్కుతుంది. వాడు బొమ్మల్ని ముట్టడు, రాత్రంతా ఎదుటి సీటాయన నీళ్లసీసా మూతతో ఆడుకుంటాడు. వాడికి నిద్రపట్టించే పాత దుప్పటిని ఇంట్లో మంచంమీదే మరిచిపోవాలి. ఈ ఆచారం తప్పిన కుటుంబం ఇంతవరకు కనపడలేదు.

4. ఏడుపు

రైల్లో పిల్లవాడు ఏడిస్తే కంగారుపడొద్దు. బోగీ నిండా వైద్యులే. ఒకావిడ వామునీళ్లు పట్టమంటుంది, ఇంకొకావిడ బొడ్డుచుట్టూ ఇంగువ రాయమంటుంది, మూడో ఆవిడ దిష్టి అని తేల్చేస్తుంది. ఈ కాలం తల్లులకు పిల్లల్ని పెంచడం రాదన్న విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట. అందరి సలహాలకూ తల ఊపండి. గూడూరు దాటాక వాడే అలసిపోయి నిద్రపోతాడు. తిరుపతి స్టేషనులో అందరూ కలిసి లేపండి.

5. కొండ

మేనమామ "నేను ఎత్తుకుని మెట్లెక్కుతా" అని ఉత్సాహపడతాడు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయని చెప్పండి. బస్సెక్కేస్తాడు.

ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పుతుందని భయపడి పిల్లవాడికి పాలు మానిపించడం ఆనవాయితీ. నిజానికి రెండేళ్లలోపు పిల్లలకు అలా తిప్పడం అరుదు. ఆకలితో ఏడవడం మాత్రం అరుదు కాదు. వాంతి చేసుకునేది మేనమామ. ఎక్కడానికి 1974లో తెరిచిన రోడ్డు, దిగడానికి 1944 నాటి పాత రోడ్డు ఉన్నాయి కాబట్టి, ఎక్కేటప్పుడు తప్పించుకున్నవారికి దిగేటప్పుడు ఇంకో అవకాశం ఉంటుంది.

6. కల్యాణకట్ట

ఇక్కడ గుండు ఉచితం. తెలుగు, తమిళ, కన్నడ, హిందీ పిల్లలంతా ఒకే భాషలో ఏడుస్తుంటారు. తల కదలకుండా ఒకరు, చేతులు ఒకరు, కాళ్లు ఒకరు పట్టుకోండి. తాతయ్య వీడియో తీస్తూ "నవ్వరా నాన్నా, ఇటు చూడు" అనాలి. గంధం పూశాక, ఇక ఏడుపు తగ్గుతోందనగా తండ్రి కూడా గుండుతో ఎదురు రావాలి. ఎవరీ కొత్తమనిషి అని వాడు బెదిరి, మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు. అంతవరకు నాన్న దగ్గర ఉండే పిల్లవాడు ఇక రెండురోజులపాటు అమ్మను వదలడు. తండ్రికి ఇది స్వామి ప్రత్యక్షంగా ఇచ్చిన వరం.

7. దర్శనం

ఏ ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరమూ లేని మీకు ఇక్కడ వాడే సిఫారసు. ఏడాదిలోపు బిడ్డతో వచ్చిన తల్లిదండ్రులను సుపథం దారిలో పంపిస్తారు. పుట్టినతేదీ పత్రం, ఆధార్ కార్డులు ఉండాలి. ఆ పత్రాన్ని భద్రంగా ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చి ఉంటారు. లేదూ, తెచ్చారే అనుకుందాం. అసలు చిక్కు అప్పుడే. ఆ దారి తాతలకూ నాన్నమ్మలకూ వర్తించదు. మొక్కినావిడ సర్వదర్శనం కంపార్టుమెంటులో కూర్చుంటుంది, మొక్కనివాళ్లు ముందెళ్లి దణ్ణం పెట్టుకుంటారు. ఈ విషయం ఆవిడకు ఇంటిదగ్గర కాకుండా గేటు ముందే చెప్పండి.

లోపల తండ్రి భుజంమీద కూర్చున్న పిల్లవాడికి గర్భగుడి అందరికంటే బాగా కనిపిస్తుంది. "జరగండి, జరగండి" అంటున్న ఆ రెండు క్షణాలూ వాడు వెనక్కి తిరిగి, వెనకావిడ జూకా లాగుతుంటాడు.

8. తిరిగొచ్చాక

పక్కింటివాళ్లతో దర్శనం దివ్యంగా జరిగిందనండి. పిల్లవాడికి జలుబు, తల్లికి నడుంనొప్పి, తండ్రికి లోను వాయిదా ఉన్నాయని అనకండి. నాన్నమ్మ ఫోనులో బంధువులందరికీ "బంగారుకొండ, ఒక్కసారి ఏడవలేదు" అని చెబుతుంది. అదే ఊపులో, వాడి జలుబు తగ్గితే వేములవాడ రాజన్నకు కోడె కట్టిస్తానని ఇంకో మొక్కు మొక్కుతుంది. కోడలు అడ్డుపడకూడదు. "అలాగే అత్తయ్యా" అని చెప్పి, డైపర్ల సంచీ తీసుకెళ్లి ఆవిడ గదిలో పెట్టి రావాలి.