నమూనా అల్లుడు

అల్లుళ్ళలో చాలా రకాలున్నారు. పండక్కి వచ్చి పదిహేను రోజులైనా కదలనివాడు, గడప దాటగానే మామగారి స్కూటర్ తాళాలడిగేవాడు, కూరలో ఉప్పు తగ్గిందన్న సంగతి పెళ్ళాం చెవిలో వేసి అత్తగారికి చేరవేయించేవాడు. వీళ్ళందరూ మన పెద్దలకు అలవాటైన జబ్బులే. పోర్ట్‌బ్లెయిర్‌లో ఈమధ్య కొత్త రకం దిగింది. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది గానీ మా జంగ్లీఘాట్ పేట నోళ్ళలో ఇంకా పాతపేరే నానుతోంది.) ఈ అల్లుడికి కట్నం వద్దు, కొత్తబట్టలు వద్దు, కోడిపలావు లేకపోయినా సర్దుకుంటాడు. కావలసిందల్లా ఫీడ్‌బ్యాక్.

ఈయన ఇక్కడ పాతుకుపోవడానికి కారణం సముద్రం అడుగున ఉంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి మా దీవులకు దాదాపు 2,300 కిలోమీటర్ల ఫైబర్ కేబుల్ మొదలైంది. అంతకుముందు ఉపగ్రహాన్ని నమ్ముకున్న ఇంటర్నెట్. ఒక ఫొటో పంపి, అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే అది ఇంకా వెళ్తూనే ఉండేది. ఆ రోజుల్లో మెయిన్‌ల్యాండ్ అల్లుళ్ళు వారం తిరక్కుండానే విమానం ఎక్కేవారు. కేబుల్ వచ్చాక "ఇక్కణ్ణుంచే పని చేసుకుంటానత్తయ్యా" అనడం నేర్చారు.

ఈ అల్లుడు హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో యూఎక్స్ డిజైనరు, అంటే యాప్‌లు వాడేవాళ్ళకు సుళువుగా ఉండేలా తెరలు గీసేవాడు. మామగారు వీధిలో "కంప్యూటర్‌లో బొమ్మలేస్తాడు" అని చెప్పుకున్నారు. పెట్టె తెరిస్తే ల్యాప్‌టాప్ ఒకటే కంప్యూటర్ సరుకు. మిగతాదంతా పసుపుపచ్చ అంటింపు కాగితాలు, స్కెచ్ పెన్నులు, కత్తెర, జిగురు. పిల్లలకని తెచ్చాడేమోనని పక్కింటావిడ తన మనవణ్ణి పంపింది కూడా.

ఆయన లోకంలో మనుషులుండరు, యూజర్లుంటారు. వచ్చిన మూడో రోజునే ఓడ టిక్కెట్ల యాప్‌కు నమూనా మొదలెట్టాడు. ఎవరూ అడగలేదు. దీవుల్లో ఉంటూ ఓడ గురించి ఆలోచించకపోవడం తప్పనిపించిందట. ఫోను తెర అంత కాగితాలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో తెర గీశాడు. ఎక్కడికి, ఏ తేదీ, ఎంతమంది. అత్తగారిని చాప మీద కూర్చోబెట్టి, "మీరు వేలితో నొక్కండి, నేను కంప్యూటర్ని. కంప్యూటర్ మాట్లాడదు, కాగితం మారుస్తుందంతే" అన్నాడు.

ఈ వేషం ఆయన సొంతం కాదు. 1980ల మొదట్లో అమెరికాలో ఐబీఎం పరిశోధకులు, మాట చెబితే టైపు చేసే యంత్రం ఇంకా పుట్టకముందే, అది ఉందని నమ్మించి జనం చేత ఉత్తరాలు చెప్పించారు. చాటున కూర్చున్న టైపిస్టు విన్నది విన్నట్టు కొట్టేది. యంత్రం కట్టి కోట్లు తగలేసుకునే ముందు జనానికి పనికొస్తుందో లేదో తేల్చుకునే ఉపాయం అది. గొప్ప ఉపాయమే. కాకపోతే ఆ టైపిస్టు ఎవరింటి అల్లుడూ కాదు.

అత్తగారు వణికే వేలితో "ఎక్కడికి" నొక్కారు. అల్లుడు గంభీరంగా ఊళ్ళ పేర్ల ముక్కలు పరిచాడు. ఫ్యాను గాలికి రంగత్, మాయాబందర్ మంచం కిందికి పోయాయి. స్వరాజ్ ద్వీప్ గోడవారగా చేరింది. హట్‌బే సాంబారు గిన్నెకు అంటుకుంది. "బాబూ, అన్నీ ఎగిరిపోయాయి, ఏటి సెయ్యను?" అన్నారావిడ. జవాబు లేదు. "కాఫీ తాగుతారా బాబూ?" జవాబు లేదు. కంప్యూటర్ కదా. అల్లుడు నేల మీద కూర్చుని, తల వంచుకుని, అడిగినదానికి పలకకపోతే తెలుగింట్లో దానికి ఒక్కటే అర్థం. అలిగాడు.

ఆవిడ గుండె గుభేలుమంది. మామగారికి ఫోను వెళ్ళింది. ఆయన హార్బర్ నుంచి మంచి కోనెం చేప ఒకటి, అబర్డీన్ బజార్ నుంచి చేతి గడియారం ఒకటి పట్టుకుని ఆటోలో దిగారు. అల్లుడు గడియారం కట్టుకుని, చేప తిని, ఆ రాత్రి తన నోట్సులో "యూజర్ పూర్తిగా లీనమైంది" అని రాసుకున్నాడు.

మర్నాడు మామగారి వంతు. ఒక కాగితం మీద "ఐలాండర్ కార్డు నంబరు" అని ఉంది. దీవివాసులకు ఓడ టిక్కెట్టు చవకగా రావాలంటే అది కావాలి మరి. మామగారు ఉత్తుత్తి నంబరేదో చెబితే సరిపోయేది. ఆయన లేచి వెళ్ళి బీరువా తీశారు. పట్టుచీరల కింద, ఎల్ఐసీ కాగితాల కింద, 2004 సునామీ తర్వాత ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాచిన కట్టలో వెతికారు. అరగంట పట్టింది. నిజానికి ఆ అరగంటలోనే డిజైనరు పాఠం మొత్తం ఉంది: టిక్కెట్టు కొనేవాడి ఫోను చేతిలో ఉంటుంది, కార్డు బీరువాలో ఉంటుంది. మన అల్లుడు ఆ అరగంటా ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు, యూజర్ ఖాళీ అయ్యేదాకా.

బావమరిది, వదినగారు, అమ్మమ్మ కూడా అయ్యాక లెక్క ఐదయింది. జేకబ్ నీల్సన్ అనే పెద్దమనిషి 2000లో ఐదుగురితో పరీక్షిస్తే చాలు, లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని రాశాడు. ఆ ఐదుగురూ అత్తవారే అయితే ఏమవుతుందన్నది మాత్రం రాయలేదు. ఐదుగురూ "బాగుంది బాబూ" అన్నారు. అమ్మమ్మ కాగితం తలకిందులుగా పట్టుకుని మరీ అంది.

మధ్యలో ఇంకో పిచ్చి పట్టింది. పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్ తయారుచేసిన జెఫ్ హాకిన్స్, అది పుట్టకముందు అదే కొలతల చెక్కముక్కను జేబులో వేసుకుని తిరిగేవాడట. మీటింగుల్లో దాన్ని తీసి, పుల్లతో రాస్తున్నట్టు నటించేవాడట. జేబులో పడుతుందా, చేతికి బరువా, అసలు తియ్యాలనిపిస్తుందా అన్నది అలా తేల్చుకున్నాడు. ఇది చదివి మన అల్లుడు వడ్రంగి దగ్గర పడాక్ చెక్కముక్క సంపాదించాడు. కూరగాయల కొట్టు ముందు నిలబడి జేబులోంచి చెక్క తీసి, దాని మీద వేలితో గీసి, మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. సాయంత్రానికి వీధిలో ఇద్దరు ముగ్గురు వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుని, "ఫోను అమ్మీసుకున్నాడేటమ్మా పాపం? ఏవన్నా ఇబ్బందా?" అని పరామర్శించి వెళ్ళారు.

నిజం చెప్పినవాడు ఒక్కడే. పక్కింటి చిన్నాయన. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కిన కుటుంబం, సొంత ఇంజిన్ డింగీ ఉంది. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనంలో పదమూడు శాతం దాకా తెలుగువాళ్ళం, అందులో ఇలాంటివాళ్ళు బోలెడుమంది. చిన్నాయన వేట నుంచి తడిచేతులతో వస్తుంటే అల్లుడు ఆపి కాగితం చూపించాడు. వేలు పెట్టగానే సిరా చెదిరి తేదీ మాయమైంది. ఆయన కాగితాన్ని ఎగాదిగా చూసి అన్నాడు:

"ఎక్కడికెల్తావని అడుగుతాదేటి ముందే? ఓడుందో లేదో సెప్పమను. తుపానొచ్చి ఓడ ఆగిపోతే నేనెక్కడికెల్తే దీనికెందుకు?"

వర్షాకాలంలో హట్‌బే వెళ్ళాల్సిన ఎవరినడిగినా ఇదే మాట. ఇక్కడ ప్రయాణం తేదీతో మొదలవదు, గాలితో మొదలవుతుంది. జనం పొద్దున్నే డైలీ టెలిగ్రామ్స్ పత్రిక తిరగేసేది ఓడ కబుర్ల కోసం. హైదరాబాద్‌లో సముద్రం చుక్క లేకపోయినా ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం కెరటాల ఎత్తు, చేపలు దొరికే చోటు లెక్కకట్టి ఇక్కడి మత్స్యకారులకు పంపుతుంది. అదే హైదరాబాద్ నుంచి వచ్చిన మన అల్లుడికి మాత్రం మొదటి తెర మీద సముద్రం సంగతి రాయాలని తట్టలేదు. ఇంతకీ ఆ రోజు నోట్సులో ఏం రాసుకున్నాడో తెలుసా? "ఐదుగురు యూజర్లు పూర్తయ్యారు. ఆరో వ్యక్తి అభిప్రాయం లెక్కలోకి రాదు."

తర్వాత కాగితాలు అటకెక్కాయి. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అసలైన బొమ్మ దిగింది. నీలి సముద్రం, ఈదుతున్న తాబేలు, నొక్కితే మెరిసే మీట. వీధంతా చూసింది, వీధంతా మెచ్చుకుంది. చిన్నాయన కూడా "బాగుంది బాబూ" అనేసి వెళ్ళిపోయాడు. పెన్సిలు గీతల మీద గీత కొట్టడానికి ఎవరికీ భయముండదు. రంగులద్ది పాలిష్ చేసిన దాని మీద తప్పు పట్టాలంటే మనవాళ్ళకు మొహమాటం. పాపం, ఎంత కష్టపడ్డాడో అనుకుంటారు. తాబేలు ఈదుతూనే ఉంది, ఓడ ఉందో లేదో మాత్రం ఇప్పటికీ నాలుగో తెరలోనే తెలుస్తుంది.

మనిషి చెడ్డవాడు కాడు. ఎనిమిది స్విచ్చులు వరసగా ఉన్న బోర్డు మీద ఫ్యాను, లైటు, గీజరు బొమ్మలు వేసి అంటించింది ఆయనే. చుట్టాలొచ్చినప్పుడు చీకట్లో తడుముకునే బాధ తప్పింది. ఆ పని ఎవర్నీ అడక్కుండా చేశాడు, బహుశా అందుకే కుదిరింది.

నా తీర్పు అడిగితే, ఇతన్ని అత్తవారింట్లో కూర్చోనివ్వకూడదు. ఓ వారం ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర, టిక్కెట్ల వరసలో, సామానుతో, ఏడ్చే పిల్లతో నిలబెట్టాలి. అక్కడ మీ పక్కన నిలబడి కాగితం చాపితే, దయచేసి బాగుందనకండి. మీ వేలు ఎక్కడ తడబడిందో చెప్పండి. కాఫీ మాత్రం ఇవ్వకండి.