మావ గొంతు

2007లో మా ఊరి అమ్మోరి సంబరానికి హరిశ్చంద్ర నాటకం వేయించింది నేను. కాటి సీను పాడుచేసిందీ నేనే. ఇన్నేళ్లూ ఆ తప్పును మైకుల మీదికీ గాలి మీదికీ నెట్టుకొచ్చాను. ఆ రాత్రి గాలి ఉన్నమాట నిజమే. కానీ వజ్రపుకొత్తూరు మండలంలో, అలల చప్పుడు వినబడే ఊళ్లో పుట్టినవాడికి వేసవి రాత్రి గాలి ఉంటుందని ఒకరు చెప్పాలా?

అప్పటికి నేను పలాసలో మాస్టారిని. ఇంగ్లండులో డాక్టరుగా ఉన్న మా బావ సెలవులకి వస్తూ డీవీడీల కట్ట ఒకటి తెచ్చాడు. అన్నీ పాత బ్రిటిష్ సినిమాలు, బీబీసీ సీరియళ్లు. ఎక్కువ వాటిలో ఒకే నటుడు, అలెక్ గిన్నిస్. 1948లో వచ్చిన ఆలివర్ ట్విస్ట్‌లో పెద్ద ముక్కు తగిలించుకుని ముసలి ఫాగిన్ వేషంలో తెరమీదికి వచ్చేనాటికి ఆయనకి ముప్పై నాలుగేళ్లు. ఆ మరుసటేడు కైండ్ హార్ట్స్ అండ్ కోరోనెట్స్‌లో ఒకే కుటుంబానికి చెందిన ఎనిమిది మందినీ తానే పోషించాడు, అందులో ఒకరు ఆడమనిషి. బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్‌లో కల్నల్ పాత్రకి ఆస్కార్ వచ్చింది. ఇవన్నీ చూసి ఆనందించాను. నా మతి పోగొట్టింది మాత్రం 1979 నాటి టింకర్ టైలర్ సోల్జర్ స్పై. ఏడు భాగాల సీరియల్ అది. ఉద్యోగం పోయి ఇంట్లో కూచున్న స్మైలీ అనే గూఢచారిని, సొంత శాఖలోనే ఉన్న ద్రోహిని పట్టుకోమని వెనక్కి పిలుస్తారు. ఆయన అరవడు, పరుగెత్తడు. ఎదుటివాళ్లు చెప్పింది వింటాడు, కళ్లజోడు తుడుచుకుంటాడు. ఆ వినడంలోనే ఎదుటివాడి గుట్టంతా బయటపడుతుంది. రాత్రి రెండు దాటాక కూడా కాశీబుగ్గలోని మా అద్దె ఇంట్లో టీవీ ముందు కూచుని, నటన అంటే ఇదే, మనం ఇన్నాళ్లూ చేసింది అరుపులు అనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడ మొదలైంది.

హరిశ్చంద్రుడి వేషం మా మావది. ఊరి వరసకే మావ. పగలు కొబ్బరితోట, జీడితోట, సంబరాలొస్తే వేషం. బలిజేపల్లివారి నాటకంలో కాటి సీను, అందులో కలుపుకొనే జాషువా గారి పద్యాలు ఆయన నలభై ఏళ్లుగా పాడుతున్నాడు. కవిటి, సోంపేట వైపు నుంచి కూడా పిలిచి తీసుకెళ్లేవారు. పద్యం ఎత్తుకునే ముందు మైకు దగ్గరికి రెండడుగులు వచ్చి, ఎడంచెయ్యి చెవి దగ్గర పెట్టి, హార్మోనిస్టు వైపు ఒక్కసారి చూసేవాడు. రాగం తీస్తే కొబ్బరిచెట్ల కింద చాపలు పరుచుకుని పడుకున్న ముసలమ్మలు కూడా లేచి కూచునేవారు. వన్స్ మోర్ అంటే మళ్లీ పాడేవాడు. నేను పుట్టకముందు నుంచీ జరుగుతున్న పని అది. స్మైలీగా టీవీలో కనబడేనాటికి గిన్నిస్‌కి అరవై ఐదేళ్లు, ఆ ఏడు మావకీ అరవై ఐదే. ఆ లెక్క కుదిరిందని మురిసిపోయి, మావని గిన్నిస్‌ని చేద్దామనుకున్నాను.

రిహార్సల్స్ జీడిపిక్కలు ఆరబెట్టే కళ్లంలో. "రాగం తగ్గించు మావా. ముఖంతో చెప్పు. కొడుకు శవాన్ని ముందు పెట్టుకుని ఎవరైనా మైకు దగ్గరికొచ్చి ఏడుస్తారా?" అన్నాను. వన్స్ మోర్ అన్నా పాడొద్దన్నాను. హార్మోనిస్టుని శ్రుతి దించమన్నాను. నా మాట అర్థం కావాలని మావని పలాస తీసుకొచ్చి స్మైలీని చూపించాను. రెండు భాగాలు కదలకుండా చూశాడు. తర్వాత అడిగాడు:

"అల్లుడూ, ఈ దొర ఎవులికి ఇనబడాలని మాటాడతన్నాడు?"

"ఎవరికీ వినబడక్కర్లేదు మావా. కెమెరా పట్టుకుంటుంది."

"మరి మన కాడ కెమెరా ఏదీ?"

పాతకాలపు మనిషి, తెలియక అడిగాడనుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదన్నది అప్పుడు తట్టలేదు. మావ కూడా ఇంకేమీ అడగలేదు. చదువుకున్నవాణ్ణి, నాకేదో తెలిసే ఉంటుందని నమ్మాడు. నన్ను ఎక్కువగా పొడిచేది ఆ నమ్మకమే.

సంబరం రాత్రి కాటి సీను వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మావ స్టేజీ వెనకవైపు, నేను గీసిపెట్టిన సుద్దగీత దగ్గర నిలబడి, నేను చెప్పినట్టే పద్యాన్ని గుండెలోకి తీసుకుని పాడాడు. ముందు వరసలో కూచున్న నాకు ఆయన ముఖంలో ప్రతి కదలికా తెలిసింది. నా ఒళ్లు జలదరించింది. వెనక రెండువేల మంది. వాళ్లకి కనబడింది వెలుతురులో నల్లకంబళి కప్పుకున్న చిన్న బొమ్మ. "ఇనబడ్లేదు!" అన్నారు ఒకరు. తర్వాత చాలామంది. ఎవరో ఈల వేశారు. పిల్లల ఏడుపు. మావ మైకు వైపు ఒక అడుగు వేసి, నా వైపు చూసి ఆగిపోయాడు. ఆ గీత దాటమని నేను చెయ్యి ఊపితే సరిపోయేది. ఊపలేదు. నాలుగో పద్యానికి చాపలు చుట్టుకోవడం మొదలైంది.

మావ మళ్లీ రంగు పూసుకోలేదు. నన్నొక్క మాటా అనలేదు.

ఆ తర్వాతే చదివాను. అదే గిన్నిస్ 1938లో ఓల్డ్ విక్ రంగస్థలం మీద ఒక్క ముక్కా కోయకుండా హామ్లెట్ ఆడాడు. 1951లో తానే దర్శకత్వం వహించి మళ్లీ ఆడితే విమర్శకులు చీల్చి చెండాడారు. హాలు చివర కూచున్నవాణ్ణి అందుకోవడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు. స్మైలీలో గొంతు దాచాడంటే, దాచడానికి ముందు గొంతు ఉంది కనక, కెమెరా మూరెడు దూరంలో ఉంది కనక. అంతదూరం పోవడమెందుకు? మన జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకుంటూ కన్యాశుల్కంలో రామప్పపంతులు వేసేవారు. తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం. 1980లో శంకరాభరణం కెమెరా ముందుకి వచ్చి సోమయాజులు గారు చూపుతోనే శంకరశాస్త్రి అయ్యారు. ఆ సినిమా టెక్కలిలో మూడుసార్లు చూశాను. ఒకే మనిషి స్టేజీకి ఒక కొలత, కెమెరాకి ఒక కొలత పెట్టుకుంటాడన్నది కళ్లముందే ఉన్నా, నాకు ఇంగ్లండు నుంచి వచ్చిన డీవీడీలే కనబడ్డాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. రెండు రోజుల తర్వాత దారి తెరిచాక ఊరికి వెళ్లాను. మావ కూలిన కొబ్బరిచెట్ల మధ్య కూచుని ఉన్నాడు. క్షమించమని అడగాలనే వెళ్లాను. చెట్లు ఎన్ని పోయాయి, లెక్క రాయడానికి ఎవరైనా వచ్చారా, ఇవే మాట్లాడి వచ్చేశాను. అప్పటికే మావ కాళ్లు వాచి ఉన్నాయి. మా ఉద్దానంలో ఆ వాపు కిడ్నీ జబ్బుదని ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏడాది తిరక్కుండానే పోయాడు.

దినాలయ్యాక వాళ్ల అబ్బాయి వచ్చి, "నాన్న పాడింది ఎక్కడైనా ఉందా బావా?" అని అడిగాడు. నలభై ఏళ్ల పద్యాల్లో ఎవరూ ఏదీ రికార్డు చెయ్యలేదు. ఉన్నదల్లా ఒక్కటే. 2007 సంబరానికి నేనే వీడియో అతన్ని పెట్టి తీయించిన సీడీ. నేనూ ఆ అబ్బాయీ కూచుని చూశాం. సౌండు చివరిదాకా పెంచాం. మావ పెదాలు కదులుతున్నాయి. గాలి హోరు, పిల్లల ఏడుపు, ఎవరిదో ఈల వినబడుతున్నాయి. అబ్బాయి టీవీ దగ్గరికి జరిగి చెవి ఆనించాడు.