ఉపదేశమను శూన్యసమితి

మన విశ్వవిద్యాలయములలో గణితశాస్త్ర విద్యార్థికి మార్గోపదేశము కరవైనదని ఎవరైన అన్నచో నేనొప్పుకొనను. అది పుష్కలముగా నున్నది, అట్టవేసిన రిజిస్టరులో, సంతకములతో సహా, బీరువాలో తాళము వేయబడి యున్నది. కళాశాలల నాణ్యతను మదింపు చేయు నాక్ వారు ఒక్కొక్క మెంటారునకు విద్యార్థులెందరని అడుగుదురు గనుక, పిల్లల సంఖ్యను అధ్యాపకుల సంఖ్యచే భాగించి, మిగిలిన శేషమును మొన్న చేరిన గెస్ట్ లెక్చరరు నెత్తిన పెట్టి, వచ్చిన భాగఫలమునకు మార్గదర్శనమని పేరిడిరి. భాగహారమున కింతటి మహిమ కలదని లీలావతి రచించిన భాస్కరాచార్యుడు సైతము ఎరుగడు.

తనిఖీ బృందము రానున్న దినమునకు ముందటి సాయంకాలము ఆ రిజిస్టరు వెలికి వచ్చును. ఏడాదిపాటు జరుగవలసిన సమావేశములన్నియు ఒక్క గంటలో జరిగిపోవును. తేదీలు వేరైనపుడు సిరాయు వేరుగా నుండుట సహజము గనుక నీలికలమొకటి, నల్లకలమొకటి బల్లపై సిద్ధముగా నుండును. ‘విద్యార్థి సమస్య’ యను గడిలో ‘ఏమియు లేదు’, ‘ఇచ్చిన సలహా’ యను గడిలో ‘బాగుగా చదువుమని చెప్పడమైనది’. శూన్యసమితిలోని మూలకములన్నియు ఏ గుణము కలవన్నను ఆ వాక్యము సత్యమే యగునని తర్కము నేర్చిన గణితాచార్యులు, తామిచ్చిన సలహాలన్నియు ఉత్తమములే యని ధైర్యముగా వ్రాయుటలో దోషమేమున్నది?

2015లో యు.జి.సి. ప్రవేశపెట్టిన ఛాయిస్ బేస్డ్ విధానము పుణ్యమా యని విద్యార్థికి ఎన్నుకొను స్వేచ్ఛ కూడ దక్కినది. ఫారములో నంబర్ థియరీ, గ్రాఫ్ థియరీ, ఆపరేషన్స్ రీసెర్చి ముచ్చటగా ముద్రింపబడి యుండును.

“ఏమమ్మా, ఆపరేషన్స్ రీసెర్చి తీసుకో. స్కోరింగ్ పేపరు.”

“నాకు నంబర్ థియరీ ఇష్టమండీ, సార్.”

“ఇష్టపడు తల్లీ, ఎవరు వద్దన్నారు? చెప్పేవారు రిటైరై రెండేళ్ళయింది. టిక్కు మాత్రం నువ్వే పెట్టాలి, నీ అంతట నువ్వు ఎంచుకున్నట్టుండాలి.”

ఖాళీ పోస్టులు నింపని ప్రభుత్వముల పాపము ఆ అధ్యాపకుని తలపై రుద్దుట న్యాయము కాదు. అడ్మిషన్లు, ఇన్విజిలేషను, పేపర్లు దిద్దుట అన్నియు ఆయనవే. అయినను, సిద్ధాంతముల నిరూపణలు కంఠస్థము చేసి తొంబది మార్కులు తెచ్చుకొన్న పిల్లకు, సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్ష గణితపత్రపు మూడవ భాగములో సరియైన సమాధానములు ఒకటికి మించి యుండవచ్చుననియు, వానినన్నిటిని గుర్తించిననే మార్కు పడుననియు, అచట కంఠస్థవిద్య అక్కరకు రాదనియు మొదటి సెమిస్టరులోనే చెప్పుటకు ఏ పోస్టు నిండవలెను? 1993లో గణితాచార్యులు కుమరేశన్‌గారు ఆరంభించిన ఎం.టి.టి.ఎస్. అను గణితశిక్షణ వేసవి శిబిరపు ప్రకటనను గడువు తీరకమునుపే నోటీసుబోర్డున అంటించుటకు గుండుసూది చాలును. ఇవేవియు చెప్పక, అందరికిని ఒకే మందు: బి.ఎడ్. చేసి డీఎస్సీ వ్రాయుము. బడిపంతులు వృత్తి గౌరవనీయమే. కాని ఎదుట నిలిచినదెవరో తలయెత్తి చూడకయే ఇచ్చు సలహాకు ఆ గౌరవము అంటదు.

నిజమైన ఉపదేశ మెట్టిదన, గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితపట్టము పుచ్చుకొని, యుద్ధకాలపు కొలువునకై కలకత్తా వెళ్ళి, అది దొరకక, బసలో తారసపడిన ఒక దక్షిణాది యువకుని వలన భారతీయ గణాంకశాస్త్ర సంస్థ సంగతి విని, 1941లో అందు ప్రవేశించిరి. నాలుగేండ్లకే ఆయన ప్రకటించిన ఒక అసమానత పిమ్మట ఆయన పేరనే ప్రపంచగ్రంథముల కెక్కినది. ఆ యువకుడు రిజిస్టరులో సంతకము తీసికొనలేదు గనుక నాక్ లెక్కలో ఆ ఉపదేశము జరుగనే లేదు.

ఇపుడు సంస్కరణ ఇంకొక అడుగు ముందుకు వేసినది. హాల్ టిక్కెట్టు చేతికి రావలెనన్న ‘మా మెంటారు మార్గదర్శనము మిక్కిలి సంతృప్తికరము’ అను ఫారము నింపి ఈయవలెను. నంబర్ థియరీ కోరిన ఆ పిల్లయే ఫారములు పంచుచున్న అధ్యాపకుని సమీపించి, “సార్, మెంటారు పేరు దగ్గర ఎవరిపేరు రాయాలండీ?” అని అడుగగా, ఆయన కళ్ళజోడు సవరించుకొని, జాబితాలో వ్రేలు పైనుండి క్రిందికి జరిపి, “నేనేనమ్మా” అనెను.