బేసన్నకు రంగు కుదరలేదు

గణపతి నిమజ్జనం రోజున కామాఠీపురా గల్లీలోంచి బాంజో పార్టీ బయల్దేరితే, అందులో ప్రతివాడికీ కొంతమంది అభిమానులు ఉంటారు. బాంజో మీద పాట ఎత్తుకునేవాణ్ణి ఆడపిల్లలు గ్యాలరీల్లోంచి వంగి చూస్తారు. ఢోలు వాడి చుట్టూ కుర్రాళ్ళు చొక్కాలు తడిసేదాకా ఎగురుతారు. తాషా వాడి తల చుట్టూ పది రూపాయల నోట్లు దిష్టి తీసినట్టు తిరుగుతాయి. వీళ్ళందరి వెనక, జనరేటర్ బండికి రెండడుగుల ముందు, నాలుగు తీగల గిటారు మెడలో వేసుకుని ఒక మనిషి నడుస్తుంటాడు. ముఖంలో ఏ భావమూ ఉండదు. అతన్ని జనరేటర్ తాలూకు మనిషి అనుకుని "డీజిల్ ఎంతుందన్నా?" అని అడిగినవాళ్ళున్నారు. అతనే బేసు గిటారు వాయించేవాడు.

ఇక్కడ బాంజో అంటే అమెరికా బాంజో కాదు. టైపు మిషనులో ఉండేలాంటి మీటలు నొక్కుతూ తీగలు మీటే బుల్‌బుల్ తరంగ్‌కి కరెంటు తగిలిస్తే అది బొంబాయి బాంజో అవుతుంది. అన్ని పార్టీల్లోనూ బేసు ఉండదు, కీబోర్డు మీద ఎడమచేత్తో ఆ పని కానిచ్చేసేవాళ్ళే ఎక్కువ. ఉన్నచోట మాత్రం ఈ మనుషులు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటారు. మా గల్లీలో ఉన్నాయన్ని అందరూ బేసన్న అంటారు. బేసు వాయించే అన్న కాబట్టి బేసన్న. ఈ సంధి అర్థంకాని మరాఠీ పిల్లలు శనగపిండి అనుకుని "బేసన్ అన్నా" అంటారు. అసలు పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది.

కామాఠీపురా అనగానే కొందరు కనుబొమలు ఎగరేస్తారు. దయచేసి దించండి. హార్న్‌బీ వెల్లార్డు కట్టి సముద్రపు పోటును ఆపాక ఆరిన పల్లపు నేల ఇది. 18వ శతాబ్దం చివరి నుంచీ తెలుగు నేల మీద నుంచి వచ్చి ఇక్కడ దిగి, ఈ ఊరికి రాళ్ళు మోసి గోడలు లేపిన కూలీలను కామాఠీలన్నారు. పేటకి ఆ పేరే వచ్చింది. గోడలు చూసినవాళ్ళెవరూ మోసినవాళ్ళని చూడలేదు. బేసన్న ఆ వంశంవాడే, కాబట్టి కనబడకుండా పని చెయ్యడం ఆయనకు కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆయనకు సుపారీ వచ్చిందని వింటే కంగారు పడకండి. ఈ ఊళ్ళో ఆ మాటకు ఇంకో అర్థం ఉన్న మాట నిజమే గాని, వాయిద్యాలవాళ్ళ భాషలో అది ముందుగా పుచ్చుకునే బయానా. సుపారీ లేని రోజుల్లో ఖోలీలో, అంటే చాల్‌లోని తన గదిలో, సాధన చేస్తాడు. బేసు మీద లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. అంత మంద్రాన్ని చెవి పట్టించుకోదు గాని పొట్ట పట్టించుకుంటుంది. చాల్‌లో అయితే పొట్టకంటే ముందు స్టీలు సామాను పట్టించుకుంటుంది. ఈయన ఇక్కడ తీగ మీటితే పక్క ఖోలీ అరమీద గ్లాసులు తాళం వేస్తాయి. "బేసన్నా, జర ఆపే, పాలగిన్నె నడుస్తున్నది" అని గోడ అవతలి నుంచి కేక వస్తుంది. ముప్పై ఏళ్ళ సంగీత జీవితంలో ఆయన వాయిద్యానికి దొరికిన ఏకైక సమీక్ష ఇదే.

ఆర్.డి. బర్మన్ పాటలు నోటికి వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో లెక్కలేనంతమంది. ఆ పాటల్లో బేసు వాయించిన టోనీ వాజ్ పేరు చెప్పగలిగినవాడు మా గల్లీకంతా ఒక్కడే. ఎవరో మీకు తెలుసు. ఆ ఒక్కడూ ముప్పై ఏళ్ళు ఆలోచించి ఒక నిశ్చయానికి వచ్చాడు. వినబడకపోతే మానె, కనబడాలె. కనబడాలంటే గిటారుకు రంగు మార్చాలె.

ఇప్పుడున్న రంగు నడుమ పసుపు, అంచులకు వచ్చేసరికి గోధుమ, ఆపైన నలుపు. కంపెనీవాళ్ళు దాన్ని సన్‌బర్స్ట్ అంటారు. వదిన మాడిన అట్టు అంటుంది. ఇద్దరిదీ న్యాయమే.

రంగు మార్చాలన్న నిర్ణయం ఒక్క పూటలో అయిపోయింది. ఏ రంగన్నది తేలక నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఆయన కూతురికి సంబంధం వచ్చింది, కుదిరింది, పెళ్ళయింది, మనవడు కూడా పుట్టాడు. గిటారుకు మాత్రం సంబంధం కుదరలేదు.

తప్పు ఆయనది కాదు, ఊరిది. బొంబాయిలో ఏ రంగు డబ్బా మూత తీసినా అందులోంచి ఒక జెండా బయటికొస్తుంది. కాషాయం వేయిస్తే గణపతి మండళ్ళు మురుస్తాయి, ఏప్రిల్ 14న భీమ్ జయంతికి సుపారీ ఇచ్చేవాళ్ళు ఓ చూపు చూస్తారు. నీలం వేయిస్తే చూపులు అటువి ఇటు, ఇటువి అటు అవుతాయి. ఆకుపచ్చ వేయిస్తే ప్రతివాడూ "ఎందుకేసినవ్?" అని అడుగుతాడు, "మంచిగున్నదని" అంటే ఒక్కడూ నమ్మడు. ఇక ఎరుపు. వర్లీ బీడీడీ చాల్‌లో బేసన్నకు మేనమామ ఒకాయన ఉన్నాడు, బట్టల మిల్లులో పనిచేసినాయన. ఆయన ముందు ఎర్ర గుడ్డ ముక్క కదిలినా చాలు, 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో మిల్లులు ఎలా ఆగాయో మొదలుపెడతాడు. ఆ కథకు రెండున్నర గంటలు పడుతుంది, నడుమ చాయ్‌కి కూడా ఆగడు. గిటారే ఎర్రనిది అయితే మామ ఇంటికి ఇక వెళ్ళడం ఎలా?

తెలుపు వద్దని తల్లి, నలుపు వద్దని అత్తగారు. బాంజో పార్టీ యజమాని మాత్రం వ్యాపారం తెలిసినవాడు. నవరాత్రుల్లో ఇక్కడ రోజుకో రంగు. ఆ తొమ్మిది రోజులూ లోకల్ బండిలో ఆడవాళ్ళ డబ్బా డబ్బా ఒకే రంగులో ఊగుతుంది. అందుకని "తొమ్మిది గలీబులు కుట్టించు బేసన్నా, రోజుకొకటి తొడుగుదాం" అన్నాడు. గిటారు దిండు కాదని చెప్పడానికి బేసన్నకు పది నిమిషాలు పట్టింది. ఈ నాలుగేళ్ళలో ఆయన ఖండితంగా కాదన్న ప్రతిపాదన ఇదొక్కటే.

తల్లి తంగేడు పువ్వు రంగు పెట్టమంది. "బతుకమ్మల ఎట్లుంటది కొడుకా, కండ్లకు సల్లగ!" ఇది ఆయన మనసుకు పట్టింది. పసుపుకి శుభం ఉంది, దూరం నుంచి కనబడుతుంది, గొడవలు తక్కువ. దాదాపు ఖాయమైంది. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే కింద క్రికెట్ ఆడుతున్న పిల్లాడొకడు ఎప్పట్లాగే "బేసన్ అన్నా!" అని పిలిచాడు. ఆయన మెట్టు మీదే ఆగిపోయాడు. శనగపిండి రంగు గిటారు పట్టుకుని ఈ పిల్లల మధ్యలోంచి నడవడం ఊహించుకున్నాడు. పసుపు సంబంధం అక్కడితో తప్పిపోయింది.

ఇంట్లో సమస్య వేరు. "ఖోలీకి సున్నం గొట్టి పదకొండేండ్లాయె. గిటారుకు రంగట!" అంటుంది వదిన. "రేపో మాపో బిల్డింగు పడగొట్టి కొత్తది కడ్తమంటున్నరు గద, పడిపోయేదానికి సున్నమెందుకే?" అంటాడు బేసన్న. "అయితె కొత్తిల్లు వచ్చినంకనే గిటారుకు గూడ ఏసుకో, గోడల రంగుకు కలుస్తది." కామాఠీపురా పునర్నిర్మాణం ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతుల్లో ఉంది. ఆ లెక్కన బేసన్న గిటారు రంగు కూడా ఇప్పుడు మ్హాడా దగ్గరే పెండింగులో ఉన్నట్టు.

అయినా ఒకసారి ధైర్యం చేశాడు. నాగ్‌పాడా వైపు కార్లకు రంగులు కొట్టే గ్యారేజీకి నన్ను తోడు తీసుకెళ్ళాడు. గిటారు సంచిలోనే ఉంది. అది కలకత్తాలో తయారైన నకలు సరుకే అయినా బేసన్న గౌరవంగా "ఫెండర్" అంటాడు. "ఫెండర్‌కి రంగు కొట్టాలి" అన్నాడు. మేస్త్రీ తల ఎత్తకుండా "కౌన్‌సీ గాడీ కా?" అన్నాడు. బండి లేదన్నాం. అప్పుడు తల ఎత్తాడు. బండి లేకుండా మడ్‌గార్డు ఒక్కటీ పట్టుకొచ్చినవాళ్ళని చూడ్డం అతనికి అదే మొదటిసారి కాబోలు. కుడివైపుదా ఎడమవైపుదా అని అడిగి, రేటు కూడా చెప్పేశాడు. సంచి విప్పాక గాని తగాదా తీరలేదు.

నిజానికి మేం పోకూడని చోటికేమీ పోలేదు. అమెరికాలో అసలు ఫెండర్ గిటార్ల కంపెనీ కూడా ఒకప్పుడు డ్యూపాంట్ వాళ్ళ కార్ల రంగులే గిటార్లకు కొట్టింది. మామూలు రంగు కాక వేరేది కావాలంటే 5 శాతం అదనంగా తీసుకునేవారు. ఫియస్టా రెడ్ అని గిటారువాళ్ళు ఇప్పటికీ కలవరించే రంగు 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారుది. మనం బీరువాకు కొట్టించే డ్యూకో కూడా ఆ డ్యూపాంట్ వాళ్ళ పేరే.

మేస్త్రీ పనిమంతుడు. గోటితో గీకి చూసి చెప్పాడు. ఇది పాలియెస్టర్ పూత, గాజులాగా గట్టిది. 80 నంబరు పాలిష్ పేపరుతో మొదలుపెట్టి 400 దాకా రుద్దాలి. తర్వాత పుట్టీ, ప్రైమర్, రంగు, పైన లాకరు, చివర 2000 నంబరు వాటర్ పేపరు. గిటారు మెడ కూర్చునే గుంటలో మాత్రం రంగు పడకూడదు, పూత మందమైతే మెడ లోపలికి దిగదు. అన్నిటికంటే ముఖ్యం, వానల్లో ముట్టుకోకూడదు. గాలిలో చెమ్మ ఉంటే లాకరు విరిగిన పాలలా తెల్లబోతుంది.

ఇక్కడ బేసన్న పంచాంగం తీశాడు. చేతులు ఖాళీగా ఉండేది జూన్, జులై. అప్పుడు పూత ఆరదు. పూత ఆరే రోజుల్లో నవరాత్రులు, పెళ్ళిళ్ళు, మళ్ళీ జయంతులు. గిటారును ఇరవై రోజులు గ్యారేజీలో వదిలితే సుపారీ ఎలా తీసుకోవడం? ఎలా చూసినా ముహూర్తం లేదు. ఆయన ముఖంలో నాకు కనబడ్డది విచారం కాదు, ఊరట.

బాంద్రాలో పెళ్ళి బ్యాండుల్లో వాయించే గోవా పెద్దాయన ఒకరు ధైర్యం చెప్పబోయాడు. పాల్ మెకార్ట్‌నీ అంతటివాడు 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేసుకు 1964లో కొత్త రంగు వేయించాడు, నీకేమయ్యా అన్నాడు. తర్వాతేమైందని అడిగాడు బేసన్న. 1972లో దొంగలెత్తుకుపోయారు, 2023లో దొరికింది. "సూసినవా, రంగేపిచ్చిండు, పోగొట్టుకున్నడు" అన్నాడు నాతో. "దొరికింది కదా" అన్నాను. "యాభై ఒక్క ఏండ్లకు." ఆ మెకార్ట్‌నీయే తన రికెన్‌బ్యాకర్ బేసుకు 1967లో రంగురంగుల పూత పెట్టి, తర్వాత అదంతా గీకించి ఉత్త చెక్కగా మార్చేశాడు. ఈ కబురు మాత్రం బేసన్నను కదిలించింది. ఉత్త చెక్క! దానికి జెండా లేదు.

ఒక ఆదివారం ధైర్యం చేసి గ్యాలరీలో కూర్చుని గిటారు కింది మూల అరచేతి వెడల్పున రుద్దాడు. మాడిన అట్టు కింద చెక్క రాలేదు, నీలం వచ్చింది. మంచి నీలం, చేతితో కొట్టినది. ఇంకా రుద్దితే పుట్టీ. ఆ గిటారును తనకంటే ముందు ఎవడో వాయించాడు, రంగు మార్చాలనుకున్నాడు, మార్చేశాడు కూడా. ఆ తర్వాత ఇంకెవడో వచ్చి ఆ నీలాన్నీ కప్పేశాడు. బేసన్న పాలిష్ పేపరు పక్కన పెట్టి చాలాసేపు ఆ మూలనే చూస్తూ కూర్చున్నాడు. "ఇద్దరు తెగించిన్రు రా" అన్నాడు చివరికి. అంతకుమించి రుద్దలేదు.

మొన్న నిమజ్జనానికి అలాగే వచ్చాడు. ఒక మూల నీలం మచ్చతో, నడుమ పుట్టీ తెలుపుతో, గజ్జి పట్టినట్టున్న గిటారుతో. గ్యాలరీల్లోంచి ఆడవాళ్ళు వంగి చూశారు. కుర్రాళ్ళు ఫోన్లు తీశారు. ఢోలు వాడి చుట్టూ ఎగిరేవాళ్ళలో ఇద్దరు వెనక్కి వచ్చి "గిటారుకేమైంది బేసన్నా?" అని అడిగారు. డీజిల్ సంగతి ఎవరూ అడగలేదు. ఆయన ఒక్కొక్కరికీ ఓపిగ్గా మొదటి నుంచీ చెప్పాడు, మెకార్ట్‌నీతో సహా.

కాబట్టి ఆ గిటారుకు రంగు ఎప్పుడు వేయిస్తాడని నన్ను అడగకండి. పెళ్ళి ఉంటే చెప్పండి, సుపారీ నేను మాట్లాడి పెడతాను. రంగు సలహా మాత్రం ఇవ్వకండి. నేనిచ్చినవే మూడున్నాయి, ఇంకా పరిశీలనలో ఉన్నాయి.