ఎర్ర చెలకకు పచ్చ రంగు

మా మామకు చౌటుప్పల్ దిక్కు నాలుగెకరాల ఎర్ర చెలక ఉంది. మూడు బోర్లు వేశాడు, మూడూ దుమ్మే పోశాయి. వానాకాలం పత్తి, కాకుంటే కంది. ఎండాకాలం గాలి తప్ప ఏదీ పండదు. మొన్న ఎవరో చెప్పారని ఒక ఆఫీసుకు పోయి మాస్టర్ ప్లాన్‌లో తన సర్వే నంబర్ చూపించుకున్నాడు. కంప్యూటర్‌లో ఆ నాలుగెకరాలూ నిగనిగలాడే పచ్చ రంగులో ఉన్నాయి.

"అల్లుడా, నలభై ఏండ్లు దున్నితే పచ్చగ కాలే. వీళ్లు కూసున్న కాడ కూసోనే చేసిండ్రు" అన్నాడు.

పచ్చ అంటే కన్జర్వేషన్ జోన్ అనీ, అందులో లేఔట్ వేయకూడదనీ, ఆ నేలను వ్యవసాయం కోసం కాపాడుతున్నారనీ చెప్పాను. "కాపాడేటోళ్లు బోరుల నీళ్లు గూడ కాపాడుతరా?" అని అడిగాడు. అది వేరే శాఖ అన్నాను.

ఆ పక్కనే, ప్లాన్‌లో పసుపు రంగు పడ్డ భూమిలో, ఒక వెంచర్ వచ్చింది. ఉన్న వేపచెట్లు నాలుగూ కొట్టేసి, ఎర్రమట్టి చదును చేసి, కమాను కట్టి, దాని మీద 'గ్రీన్' అని మొదలయ్యే పేరొకటి రాశారు. మ్యాప్‌లో పచ్చగా ఉన్నది నేల మీద ఎర్రగా ఉంది. మ్యాప్‌లో పసుపుగా ఉన్నది కమాను మీద పచ్చగా ఉంది. ఇంత చక్కటి సమన్వయం ఏ రెండు శాఖల మధ్యా నేను చూడలేదు.

ఈ రంగులన్నీ 2013 జనవరిలో వేసినవి. హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, వారి 2031 ప్రణాళిక. నల్లగొండ జిల్లా నుంచి భువనగిరి, బీబీనగర్, చౌటుప్పల్, పోచంపల్లి వైపు ఊళ్లు, పాలమూరు నుంచి కొత్తూరు, షాద్‌నగర్ వైపు ఊళ్లు అందులో పడ్డాయి. పద్దెనిమిదేళ్ల ముందుచూపు. ఏడాదిన్నర తిరక్కుండానే రాష్ట్రం మారింది. 2016 దసరాకు జిల్లాలు పది కాస్తా ముప్పై ఒకటయ్యాయి. చౌటుప్పల్ యాదాద్రికి పోయింది, షాద్‌నగర్ రంగారెడ్డికి పోయింది. ఊరు పెట్టిన చోటనే ఉంది, దాని కింది జిల్లానే ఎవరో లాగేశారు. ఆ తర్వాత భూమి కాగితాలు ధరణిలోకి వెళ్లాయి, 2025లో భూభారతిలోకి వచ్చాయి. ఇన్ని మారినా మా మామ చెలక మీద పచ్చ రంగు మాత్రం వెలవలేదు. మంచి రంగు.

అయితే ఆ రంగు చెరగనే చెరగదా? ఎందుకు చెరగదు! ప్రణాళిక మహా గోడ అయితే దానికొక దిడ్డి తలుపు కూడా పెట్టారు. పేరు సీఎల్‌యూ, తెలుగులో భూ వినియోగ మార్పిడి. దరఖాస్తు పెట్టాలి, రుసుము కట్టాలి, నివేదికలు రాయించాలి, ఫైలు సచివాలయం దాకా నడవాలి. నడిచిందంటే ఒక జీవో వస్తుంది. ఆ ఒక్క సర్వే నంబర్, అందులోనూ ఒక్కోసారి సగం ముక్క, పచ్చ నుంచి పసుపుకో, పసుపు నుంచి నీలానికో మారుతుంది. చుట్టూ పచ్చ ఉంటుంది, నడుమ పసుపు చుక్క. కొన్నేళ్లకు మ్యాప్ చూస్తే అమ్మవారు పోసినట్టు కనిపిస్తుంది. ప్రణాళిక మొత్తాన్ని మార్చాలంటే పుష్కరం పడుతుంది. ముక్కముక్కగా మార్చడానికి ఫైలుకు కాళ్లుంటే చాలు. ఆ కాళ్లు ఎక్కడ అమ్ముతారో మామకు తెలియదు, వెంచర్ వాళ్లకు తెలుసు.

మా దిక్కు ఒకప్పుడు భూమికి రెండే రంగులు: తరి, ఖుష్కి. చెరువు కిందిది తరి, మిగతాది ఖుష్కి. చెరువు నిండితే అందరికీ కనిపించేది, అభ్యంతరాలు పిలవాల్సిన పని లేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు హరిజనులు అడిగింది కూడా ఆ లెక్కలోనే: తరి నలభై, ఖుష్కి నలభై, మొత్తం ఎనభై ఎకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఒక్క రోజులో భూమి తీరు మారింది. ఆ పోచంపల్లి ఇప్పుడు పట్టణ ప్రణాళికలో ఉంది గనుక, ఈ రోజు అలాంటి మాటే ఎవరైనా ఇస్తే ముందు జోనింగ్ సర్టిఫికెట్ తెమ్మంటారు.

చిన్న ముక్క మారాలంటే ఇంత తతంగం గానీ, పెద్దది మారడం మహా సులువు. 1996 మార్చి 8న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 111 జీవో వచ్చింది. 84 ఊళ్లలో కట్టడాలకు కట్టుబాటు. అప్పట్లో పాలమూరులో ఉన్న కొత్తూరు మండలం ఊళ్లకూ అది తగిలింది. ఇరవై ఆరేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో, 69 జీవోతో ఆ కట్టు సడలింది. ఇన్నాళ్లూ మమ్మల్ని ఎందుకు కట్టేశారని ఒక రైతు అడగొచ్చు. ఇప్పుడు జలాశయాల గతేమిటని పట్నంవాసి అడగొచ్చు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబులు మాత్రం జీవోలో రాయరు. నంబరూ తేదీ రాస్తారు.

2023 జనవరిలో కామారెడ్డి రైతులు తమ పొలాలు ముసాయిదా ప్లాన్‌లో పారిశ్రామిక జోన్ అయ్యాయని తెలిసి రోడ్డెక్కారు. అడ్లూరు ఎల్లారెడ్డి రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. ఆ తర్వాత ముసాయిదా వద్దని పురపాలక సంఘం తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో అలాంటి తీర్మానమే జరిగింది. ఇక్కడ నాకు వెక్కిరింత రాదు. రంగు పెన్సిల్ వెనక్కి తీసుకోవడానికి ఆ ధర ఎందుకు పడాలో ఏ పట్టణ ప్రణాళిక పుస్తకంలోనూ ఉండదు.

ఇప్పుడు మా దిక్కు కొత్త పెన్సిళ్లు దిగాయి. 2025 మార్చిలో హెచ్‌ఎండీఏ ప్రాంతీయ వలయ రహదారి దాకా సాగి పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. అదే నెలలో ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీకి విడిగా ఒక సంస్థ పుట్టింది: ఏడు మండలాలు, 56 ఊళ్లు. పాత పాలమూరు ఆమనగల్లు, కడ్తాల్ అందులో చేరాయి. వర్తమానంలో తాగునీటి ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియని తండాలకు భవిష్యత్తు మాత్రం ఖాయమైంది. ఇక వలయ రహదారి దక్షిణ భాగం గీత ఎటు వంగుతుందోనని చౌటుప్పల్, మర్రిగూడ రైతులు కాగితాలు పట్టుకొని తిరుగుతున్నారు. గీత పెద్దల భూముల దగ్గర తప్పుకుంటుందనీ, తమ దగ్గరే వంగుతుందనీ వాళ్ల అనుమానం.

మా మామ కూడా ఏమంత అమాయకుడు కాదు లెండి. "రోడ్డు కావాలె అల్లుడా. పక్కపొంటి పోవాలె, మీదికెల్లి పోవద్దు" అన్నాడు. ధర వస్తే పసుపు కావాలి, రోడ్డు మీదికొస్తే పచ్చే ముద్దు. అందులో తప్పేముంది? వెంచర్ ఆసామికీ అదే కావాలి. తేడా ఒక్కటే: ఆయన కోరిక ఫైలవుతుంది, మామ కోరిక అభ్యంతరం అవుతుంది.

నిన్న మామ ఇంటికి పోతే అత్త కిరాణా కొట్టు నుంచి శనగపప్పు తెచ్చింది. పొట్లం విప్పి, అలవాటు కొద్దీ కాగితం చదివాను. భూ వినియోగ మార్పిడి ప్రకటన. ఫలానా సర్వే నంబర్‌ను కన్జర్వేషన్ నుంచి నివాస జోన్‌కు మార్చదలచాము, అభ్యంతరాలు, సలహాలు ఉంటే పదిహేను రోజుల్లో తెలపండి. కింద హద్దులు. ఉత్తరాన ముప్పై అడుగుల బాట. దక్షిణాన 'పొరుగువారి భూమి', పక్కన సర్వే నంబర్.

మామ ఆ నంబర్ రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇది మనదే గదా! మన చెలక పేపర్ల వడ్డదా?"

"పడ్డది మామా. హద్దు కింద."

ఆయన కాగితం తీసుకొని పప్పు గింజలు దులిపి, మడత సాపు చేసి, పాస్‌బుక్కు నడుమ పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

"పదిహేను రోజులన్నరు గదా. పేపర్ ఎన్నడొచ్చింది?"

తేదీ ఉన్న మూల చినిగిపోయి కొట్టులోనే ఉండిపోయింది.