పాన్ డబ్బా లైటర్ ఆత్మకథ

హైదరాబాద్‌లో ఓ ఇరానీ హోటల్ పక్క సందు. అక్కడి పాన్ డబ్బా మేకుకు నైలాన్ తాడుతో వేలాడే పచ్చ లైటర్ సొంత కథ ఇది. ‘నేను’ అనడం దానికి అలవాటు లేదు. తాడుకు కట్టేసినవాళ్లకు అంత మాటెందుకని దాని అభిప్రాయం.

ఇదివరకు ఆ మేకుకు కొబ్బరి తాడు ఉండేది. పొద్దున కొస ముట్టిస్తే డబ్బా మూసేదాకా కణకణ రగిలేది. తాతల ఆస్తిగా లైటర్‌కు దక్కింది ఆ మేకు ఒక్కటే. హోటళ్లలో లైటర్లు, యాష్‌ట్రేలు అందుబాటులో పెట్టకూడదని పొగతాగడంపై 2008లో వచ్చిన నిబంధనలు చెబుతాయి. అందుకే దాని కొలువు గోడకు ఇవతల, సందులో.

చక్రం అరిగింది, గ్యాస్ సగానికి దిగింది. మొహాలు మాత్రం బాగా గుర్తు, అందులోనూ సిగరెట్ మానేసి తిరిగొచ్చినవాళ్లవి. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. సుమారు రెండు గంటల్లో రక్తంలో సగానికి తగ్గుతుంది. మానితే చిరాకు, నిద్రలేమి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ముదిరి, కొన్ని వారాల్లో సద్దుమణుగుతాయి. ఏ సాయమూ లేకుండా మానినవారిలో ఎక్కువమంది మొదటి వారం రోజుల్లోనే మళ్లీ వెలిగిస్తారు. ఆరు నెలలో ఏడాదో నిలబడేది నూటికి ముగ్గురు, మహా అయితే ఐదుగురు.

లైటర్‌ను తికమకపెట్టేది ఆ గండం దాటినవాళ్లు. ఒంట్లో నికోటిన్ లేదు, అయినా వస్తారు. కొన్నాళ్లు కనబడని ఒకాయన మొన్న వచ్చాడు. చేతిలో చాయ్, పక్కన ఆఫీసు దోస్తులు, మొహంలో మేనేజర్‌తో పడ్డ గొడవ.

“ఇడిసిపెట్టిన అంటివి గదన్నా?”

“ఇదొక్కటే.”

ఎడమ అరచెయ్యి గాలికి అడ్డం వెళ్లింది, బొటనవేలు చక్రం మీద పడింది. చూపు మాత్రం దోస్తుల మీదే. చాయ్, మందు, భోజనం, నలుగురి కబుర్లు... ఏళ్ల తరబడి పొగతో ముడిపడ్డ వేళలను మెదడు తొందరగా మరవదు. ఆ ఒక్కదానితో ఆగినా మించిపోయేది లేదు. ‘ఎట్లాగూ చెడింది’ అనుకుని ఆయన సాయంత్రం మళ్లీ వచ్చాడు. పాత అలవాటు తిరగబెట్టేది సరిగ్గా అక్కడే.

2016-17 జాతీయ సర్వేలో, అంతకుముందు ఏడాదిలో మానే ప్రయత్నం చేశామని పొగతాగేవారిలో 38.5 శాతం మంది చెప్పారు. అంటే కోరికకు కొదవ లేదు, కొరతంతా సాయానిదే. ఆ సాయం చేసే ఫోన్ నంబరును 2018 నుంచి ప్యాకెట్ మీదే అచ్చేస్తున్నారు. కానీ ఈ సందులో అందరూ విడిగా ఒక్కటే కొంటారు. ప్యాకెట్ డబ్బా అన్న దగ్గరే ఉండిపోతుంది. మీద 85 శాతం మేర వేసిన హెచ్చరిక బొమ్మా ఆయనకే దర్శనం.

ఈసారి ఒకటి అడిగినప్పుడు ప్యాకెట్ కూడా ఓసారి చేతికి తీసుకోండి. నంబరు 1800-11-2356. ఫోన్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.