దేశభక్తియు వీసా గడువును

అమెరికాలో పదునెనిమిది సంవత్సరములు కాపురముండి హైదరాబాదునకు మరలివచ్చిన మహాశయు డెవ్వడైనను సభలో నిలిచి, "నా ఉద్యోగ మూడినది, అందుచే వచ్చితిని" అని పలుకగా మీ రెన్నడైనను వింటిరా? నేను వినలేదు. మాతృభూమి పిలిచినది, తల్లిదండ్రులు వృద్ధులైరి, పిల్లలకు మన సంస్కృతి అబ్బవలయును: వినబడునదెల్ల నీ పాటయే. అయ్యా, తల్లిదండ్రు లొక్క రాత్రిలో వృద్ధులు కాలేదు; ప్రతి ఆదివారము వాట్సాప్ తెరమీద కనబడుచునే, ఏటి కొక యేడు చొప్పున, క్రమము తప్పక వృద్ధులగుచు వచ్చిరి. మాతృభూమియు కృష్ణాగోదావరులతో సహా యథాస్థానముననే యుండెను. ఇన్నాళ్లు వినబడని పిలుపు సరిగా ఈ మాసముననే చెవిని బడుటకు కారణ మేమి?

ఈ దేశభక్తి శాస్త్రమున నాకుగల స్వల్ప పరిచయమునుబట్టి విన్నవించెదను. హెచ్-1బి వీసా గలవానియందు దేశభక్తి ఆరు సంవత్సరములు నిద్రాణమై యుండును. ఆ వీసాకు చట్టము విధించిన సామాన్యావధి అదియే. ఆలోపల గ్రీన్‌కార్డునకు దారితీయు ఐ-140 అను పత్రము ఆమోదము పొందెనేని గడువు మూడేసి యేండ్లు పెరుగుచుండును, దానితోడ ఆ నిద్రయు పెరుగుచుండును. ఒక్క దేశమున బుట్టినవారికి ఏటి గ్రీన్‌కార్డులలో నూటికి 7 పాళ్లకు మించి యీయరాదను నిబంధనచేత మనవారి వరుస దశాబ్దములకు సాగినది గనుక, నెలనెల వెలువడు వీసా బులెటిన్‌ను పంచాంగశ్రవణమువలె ఆలకించుచు, తన తేదీ ముందునకు జరిగెనా, వెనుకకు నడచెనా యని లెక్కించుకొను గృహస్థునకు మాతృభూమి స్మృతికి రాకుండుటలో వింత లేదు. కంపెనీవారు ఈమెయిలు పంపి సాగనంపిన పిమ్మట మాత్రము చట్ట మతనికి 60 దినములు గడు విచ్చును. మొదటి యేబది దినములును అతడు లింక్డిన్‌లో తపస్సు చేయును. ఏబదియొకటవ నాడు దేశభక్తి మేల్కాంచును.

ఇక సంస్కృతి. తల్లిదండ్రుల వీసానంటి యున్న బిడ్డ 21వ యేట ఆ నీడ కోల్పోవును గావున, బిడ్డకు పదునాలుగేండ్లు నిండునప్పటికి తండ్రికి సంస్కృతిపై బెంగ పుట్టును. ఆ బిడ్డను కొనివచ్చి చేర్చునది గచ్చిబౌలి ప్రాంతపు ఇంటర్నేషనల్ స్కూలున. చదివించునది ఐబి పాఠ్యక్రమము. చదువు ముగిసినంతనే పంపదలచునది మరల అమెరికాకే. కాపురము కోకాపేటలో, ముప్పదియవ అంతస్తున. అచ్చటికి మాతృభూమియే స్వయముగా వచ్చినను, ఇంటివారు ఫోనులో అనుమతి నొక్కువఱకు గేటు వెలుపల, కావలివాని యెదుట, నిలువవలసినదే.

ఆదాయపు పన్నుల చట్టమున ఆర్‌ఎన్‌ఓఆర్ అను నొక దివ్యావస్థ కలదు. దీర్ఘకాలము పరదేశమున నుండి వచ్చినవానికి రెండు మూడేండ్లు అచ్చటి ఆదాయముపై ఇచ్చట పన్ను పడదు. అందుచే స్వదేశాగమన ముహూర్తమును నిర్ణయించువాడు సిద్ధాంతి కాడు, చార్టర్డ్ అకౌంటెంటు. చిలుకూరు బాలాజీ గుడిచుట్టు 11 ప్రదక్షిణములు చేసి వీసా వేడుకొని, అది రాగానే 108 చేసి మ్రొక్కు దీర్చుకొన్న భక్తుడే నేడు "అమెరికా మోజు నాకెన్నడును లేదు" అనుచున్నాడు. లెక్క స్వామికి తెలియును.

తిరిగివచ్చుట యెల్ల దేశభక్తియే యను భ్రమకు ప్రభుత్వమును కొంత దోహద మొసగినది. గాంధీజీ దక్షిణాఫ్రికానుండి బొంబాయిలో దిగిన 1915 జనవరి 9వ తేదీని స్మరించుచు 2003 నుండి ప్రవాసీ భారతీయ దివసమును జరుపుచున్నారు. ఆయన దిగిన వెనుక మూడవ తరగతి రైలుపెట్టె లెక్కి దేశమును చూచెను. మనవారు దిగిన వెనుక ఔటర్ రింగురోడ్డు నెక్కి విల్లాలను చూచుచున్నారు.

తిరిగివచ్చుట తప్పని నే ననను. గడువు తీరుట గాని, కొలు వూడుట గాని, భార్య చదివిన చదువు పనిచేయు హక్కు లేక ఏండ్ల తరబడి వంటింట మూలబడుట గాని మనుష్యునకు సిగ్గుచేటు కాదు. మంచమెక్కిన తల్లి కొఱకు నిజముగా వచ్చినవారిని గూడ ఎఱుగుదును. వారికి ఉపన్యసించు తీరిక లేదు. నా ఆక్షేపణ యెల్ల వచ్చినవారు దేశభక్తి పేరిట సభలో వేయించుకొను పూలదండను గుఱించియే.

ఏలయన, దుబాయినుండియు సౌదీనుండియు వచ్చు కరీంనగరు, నిజామాబాదు జిల్లాలవారి కా దండ లేదు. వారును ఆలుబిడ్డలను విడిచి పోయినవారే. మండుటెండలో పరుల మేడలు కట్టి, పంపిన సొమ్ముతో ఊరి అప్పు దీర్చినవారే. కాగితములు లేక "ఖల్లివల్లి" యనిపించుకొని చాటుగా బ్రతికి, అచ్చటి ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినపుడు విమాన మెక్కినవారు వారిలో నున్నారు. శంషాబాదున దిగిన అట్టివానిని ఏల వచ్చితివని యడిగినచో, "వీసా అయిపోయింది, అచ్చిన" అని చెప్పి, సంచి భుజమున వైచుకొని జగిత్యాల బస్సు వెదకికొనును. కోకాపేట సోదరులారా, మీ సమాధానమును అదియే. సభలో నిలిచి దానినే చెప్పుడు; చప్పట్లు నేను కొట్టెదను.